పేలిందా, పేల్చామా

"శుభ్రం చేస్తుండగా ప్రమాదవశాత్తూ తుపాకీ పేలింది" అన్న వాక్యం వార్తల్లో మనకు బాగా అలవాటైపోయింది. కొన్నిచోట్ల ఆ సంఘటనకే "మిస్‌ఫైర్" అని శీర్షిక పెడతారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. తుపాకులతో పనిచేసేవాళ్ళ భాషలో మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. వార్తల్లో వాడుతున్న అర్థానికి సరిగ్గా వ్యతిరేకం. ఇక "పేలింది" అన్న క్రియ సంగతి. కుండ పగిలింది, దీపం ఆరింది, తుపాకీ పేలింది అన్నప్పుడు పని చేసిన మనిషి వాక్యంలోంచి మెల్లగా తప్పుకుంటాడు. "పేల్చాడు" అంటే మాత్రం ఎవరు, ఎందుకు, ఎటువైపు అన్న ప్రశ్నలన్నీ వచ్చి నిలబడతాయి. బాగున్న తుపాకీ బల్ల మీద పెడితే పదేళ్ళయినా పేలదు. అది పేలిందంటే చాలావరకు ఎవరిదో ఒకరి వేలు ట్రిగ్గర్ మీద ఉండి ఉంటుంది, అంతకుముందు ఎవరో దాన్ని ఖాళీది అనుకొని ఉంటారు. కొన్నేళ్ళుగా తుపాకీ కాల్చడం సాధన చేసే షూటింగ్ రేంజ్‌కు వెళ్తున్నదాన్ని కాబట్టి, నేర్చుకున్న జాగ్రత్తలను, చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొదటి రోజు మా కోచ్‌గారు నా చేతికి తుపాకీ ఇవ్వలేదు. నాలుగు వాక్యాలు చెప్పి, అవి నోటికి వచ్చేదాకా కూర్చోబెట్టారు. అమెరికా మెరైన్ దళంలో పనిచేసి, 1976లో అరిజోనాలో పిస్టల్ శిక్షణ కేంద్రం స్థాపించిన జెఫ్ కూపర్ పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన సూత్రాలవి. ప్రతి తుపాకీలోనూ ఎప్పుడూ తూటా ఉన్నట్టే భావించాలి. నాశనమైనా ఫరవాలేదనుకున్న దానివైపు తప్ప తుపాకీ మూతిని దేనివైపూ తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. వీటిలో ఒకటి ఎప్పుడైనా తప్పినా మిగిలినవి కాపలా కాస్తాయి. లోపల తూటా ఉందని మరిచిపోయినా, మూతి మట్టి దిబ్బ వైపు ఉంటే గుండె దడతోనూ సిగ్గుతోనూ సరిపోతుంది. మనిషికి గాయం కావాలంటే కనీసం రెండు సూత్రాలు ఒకేసారి తప్పాలి.

రెండో వారంలో నేను ఒకటి తప్పాను. చేతిలో ఉన్నది 10 మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళ్ళు వాడేది. ఏదో సందేహం వచ్చి కోచ్‌గారిని అడుగుదామని వెనక్కి తిరిగాను. మనిషి తిరిగితే చెయ్యి కూడా తిరుగుతుంది కదా. పిస్టల్ మూతి నా పక్కన నిలబడిన ఇద్దరి నడుముల మీదుగా పావు వలయం చుట్టబోయింది. సగంలోనే ఆయన అరచెయ్యి నా మోచేతికి అడ్డం పడింది. "అమ్మా, ప్రశ్న నోటితో అడగండి. తల తిప్పితే చాలు. చెయ్యి మాత్రం అటే ఉండనివ్వండి" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ పూట మళ్ళీ పిస్టల్ ముట్టుకోనివ్వలేదు. "ఖాళీదేనండీ" అని నేను గొణిగిన మాటకు ఆయన జవాబు కూడా చెప్పలేదు. రేంజ్‌లో ఆ మాట ఒక సాకుగా చెల్లదని నాకు అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది.

అది అర్థమైన రోజు నా చేతిలో .22 పిస్టల్ ఉంది, సుమారు 0.22 అంగుళం లావుండే నిజమైన తూటాలు పేల్చేది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌ను ఖాళీ చేయడానికి ఒక వరస ఉంది. మూతి రేంజ్ వైపు, వేలు ట్రిగ్గర్ బయట పెట్టుకొని, ముందుగా పిడిలోంచి, తూటాలు వరసగా పేర్చి ఉండే డబ్బీని, అంటే మ్యాగజైన్‌ను, తీసెయ్యాలి. ఆ తరువాత పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగితే, గొట్టం మొదట్లో ఉండే చాంబర్‌లోని తూటా బయటికి ఎగిరి పడుతుంది. అప్పుడు స్లైడ్‌ను వెనకే నిలిపి, చాంబర్‌లోకి కంటితో చూసి, వెలుతురు చాలకపోతే చిటికెన వేలు పెట్టి తడిమి, మ్యాగజైన్ ఉండే చోటు కూడా చూసుకోవాలి. నేను ఆ వేళ వరస తిరగేశాను. ముందు స్లైడ్ లాగాను. ఒక తూటా బయటపడింది. స్లైడ్ వదలగానే అది ముందుకు పోతూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను చాంబర్‌లోకి తోసుకుపోయింది. ఆ తరువాత తీరిగ్గా మ్యాగజైన్ తీశాను. బల్ల మీద మ్యాగజైన్, పక్కన బయటపడిన తూటా. చూడ్డానికి పని ముగిసినట్టే ఉంది.

"ఖాళీయేనా?" అన్నారు కోచ్‌గారు.

"ఖాళీయేనండీ."

"అయితే చూపించండి."

స్లైడ్ లాగాను. ఇత్తడి తూటా ఒకటి గంతు వేసి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి మ్యాగజైన్‌కు తగిలి ఆగింది. ఆ చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. శుభ్రం చేస్తుండగా పేలిందని మనం చదివే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఈ తూటానే అని నా నమ్మకం: మ్యాగజైన్ తీసేశాం కదా అని ధీమాగా ఉన్నప్పుడు చాంబర్‌లో మిగిలిపోయినది. కొన్ని పిస్టల్స్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కక తప్పదు. ఆ మిగిలిన తూటా పేలేది అప్పుడే. రివాల్వర్‌కైతే సిలిండర్ బయటికి తీసి ఒక్కొక్క గది లెక్కపెట్టాలి. గొట్టం కింద పొడుగ్గా మ్యాగజైన్ ఉండే తుపాకుల్లో లోపల ఒకటి ఇరుక్కుపోయి ఉండవచ్చు కాబట్టి, తూటాలు రావడం ఆగాక కూడా చూడాలి, తడమాలి. తుపాకీ రకాన్నిబట్టి పద్ధతి మారుతుంది. తెలియని రకం చేతికొస్తే, తెలిసినవాళ్ళు వచ్చేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇంకొకరు చూశారు కదా అని మనం చూడకుండా ఉండకూడదు. 2021 అక్టోబర్ 21న న్యూమెక్సికోలో ఒక సినిమా చిత్రీకరణ సన్నాహాల్లో, ఖాళీ తుపాకీ అని చెప్పి ఒక నటుడి చేతికి ఇచ్చిన రివాల్వర్‌లో నిజమైన తూటా ఉంది. అది పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయారు, దర్శకుడు గాయపడ్డాడు. తాను ట్రిగ్గర్ నొక్కలేదని ఆ నటుడు మొదటినుంచీ చెబుతూ వచ్చాడు. అతని మీద కేసును న్యాయస్థానం 2024లో కొట్టివేసింది, ఆయుధాల బాధ్యత చూసే ఉద్యోగినికి అదే ఏడాది శిక్ష పడింది. కోర్టు లెక్కలు కోర్టువి. నాకు పట్టే విషయం వేరే: ఆ రివాల్వర్ ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి మారిన ప్రతిసారీ, అందుకున్నవాళ్ళు తామే ఒక్కొక్క గదీ తెరిచి చూసి ఉంటే అక్కడ ఆగిపోయేది. అందుకే రేంజ్‌లో తుపాకీ ఇచ్చేవాళ్ళు తెరిచి, ఖాళీ చాంబర్ కనబడేలా ఇస్తారు. పుచ్చుకునేవాళ్ళు మళ్ళీ చూసుకుంటారు. తండ్రి ఇచ్చినా, గురువు ఇచ్చినా ఇదే పద్ధతి. ఎదుటివాళ్ళను నమ్మకపోవడంగా దీన్ని ఎవరూ తీసుకోరు.

మూతి సురక్షితమైన దిక్కున ఉండాలని చెప్పడం తేలికే. ఆ దిక్కు ఏదన్నది నిలబడిన చోటునుబట్టి మారుతుంది. రేంజ్‌లో అయితే ఎదురుగా ఉన్న మట్టి కట్ట. నేల మెత్తటి మట్టి అయితే నేల. అదే బండరాయి అయితే బుల్లెట్, అంటే తూటా పేలినప్పుడు దాని కొసనుంచి దూసుకుపోయే లోహపు ముక్క, తగిలి పక్కకు ఎగురుతుంది. మేడ మీద నేల వైపు పెడితే కింద గదిలో మనుషులుంటారు. పలుచటి గోడ కంటికి అడ్డమే గాని బుల్లెట్‌కు కాదు. ఆకాశమైతే అడ్డేముంది అనుకొని సంబరాల్లో గాలిలోకి కాల్చేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. పైకి వెళ్ళిన బుల్లెట్ కిందికి రాక తప్పదు. అమెరికా సైనికాధికారి జూలియన్ హాచర్ వివరించిన పరీక్షల్లో నిట్టనిలువుగా పైకి కాల్చిన .30 రైఫిల్ బుల్లెట్ సెకనుకు సుమారు 90 మీటర్ల వేగంతో తిరిగి పడింది. అది కూడా నిటారుగా కాల్చినప్పటి మాట. కాస్త వాలుగా కాలిస్తే బుల్లెట్ తన వేగాన్ని ఇంకా ఎక్కువగా నిలుపుకొని, ఎక్కడో ఈ సంబరంతో సంబంధం లేని మనిషి మీద పడుతుంది.

వేలి సంగతి నాకు అన్నిటికంటే ఆసక్తికరం, ఎందుకంటే ఇక్కడ మన శరీరమే మనకు ఎదురు తిరుగుతుంది. పిడి పట్టుకోగానే చూపుడువేలు ట్రిగ్గర్ మీద పడటం సహజం. ఆ పనిముట్టును అలా వాలేటట్టే చేశారు. దాన్ని అక్కడినుంచి తీసి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకి పైన, తుపాకీ పక్క భాగం వెంట నిటారుగా చాపి ఉంచడం సాధనతో రావలసిందే. కమ్మీ మీద వేలు ఆనిస్తే చాలదు, జారుతుంది. నాడీకండరాల పనితీరును పరిశోధించిన రోజర్ ఎనోకా, అసంకల్పితంగా వేలు బిగుసుకునే సందర్భాలు మూడు చెప్పాడు: ఉలిక్కిపడినప్పుడు, తూలి పడబోయినప్పుడు, రెండో చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు. మూడోది చేసి చూడండి, తుపాకీ అవసరం లేదు. కుడిచేత్తో ఒక పెన్ను తేలిగ్గా పట్టుకొని, ఎడమచేత్తో బిగుసుకున్న సీసా మూతను బలంగా తిప్పితే, కుడిచేతి వేళ్ళు కూడా కొద్దిగా ముడుచుకుంటాయి. ట్రిగ్గర్‌ను కదిలించడానికి కావలసిన కనీస బరువు 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో 1000 గ్రాములు, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో 500 గ్రాములు. పెద్దవాళ్ళ పిడికిలి పట్టు పదుల కిలోలు. ఉలికిపాటులో అందులో ఏ కొంచెం ట్రిగ్గర్ మీద పడినా చాలు.

ఇందులోంచే ఇంకో రెండు జాగ్రత్తలు వస్తాయి. చేతిలోంచి తుపాకీ జారితే పడనివ్వాలి. పళ్ళెం జారితే ఒడిసి పట్టుకునే చేతులు మనవి. తుపాకీని అలా పట్టుకోబోతే ఏదో ఒక వేలు ట్రిగ్గర్‌లో దూరుతుంది. ఆధునిక తుపాకుల్లో చాలావాటికి కిందపడినా పేలకుండా లోపల అడ్డు ఉంటుంది. పాతవాటికి ఆ భరోసా లేదు. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో తూటాను కొట్టి పేల్చే సుత్తి, అంటే హ్యామర్, నేరుగా తూటా మీదే ఆని ఉండేది కాబట్టి, తెలిసినవాళ్ళు ఆరు గదుల్లో అయిదే నింపి, ఖాళీ గదిని హ్యామర్ కిందికి తెచ్చుకొని నడుముకు కట్టుకునేవారు. తుపాకీ దానంతట అదే పేలడమంటే నిజంగా ఇలాంటివే: పాత నిర్మాణం, అరిగిన భాగాలు, తెలిసీ తెలియక ట్రిగ్గర్‌ను తేలిక చేసే మరమ్మతులు. రెండోది, పిస్టల్‌ను నడుముకు కట్టుకునే ఒరలో, అంటే హోల్‌స్టర్‌లో, తిరిగి పెట్టేటప్పుడు తొందర పనికిరాదు. చొక్కా అంచు, జాకెట్ తాడు ట్రిగ్గర్‌కు చిక్కుకుంటే అవి కూడా వేలి పనే చేస్తాయి.

పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఉంది కదా అంటారు. ఉంటుంది, ఉన్నప్పుడు వాడాలి కూడా. కాని అది ఒక చిన్న ఇనుప ముక్క. అరుగుతుంది, విరుగుతుంది, వేసిందీ తీసిందీ మరిచిపోతాం. 1911 కోల్ట్ పిస్టల్‌కు బొటనవేలితో వేసే మీట ఒకటి, పిడిని బిగించి పట్టుకుంటేనే వదిలేది ఇంకొకటి ఉంటాయి. గ్లాక్ పిస్టల్స్‌లో మామూలుగా చేత్తో వేసే మీటే ఉండదు, అడ్డుగా పనిచేసేవన్నీ లోపలే ఉంటాయి. ఒకదాని మీద పెరిగిన అలవాటు ఇంకోదాని దగ్గర మోసం చేస్తుంది.

లక్ష్యం వెనక ఏముందన్న ప్రశ్నను రేంజ్‌లో కట్ట మన బదులు తీర్చేస్తుంది కాబట్టి, అక్కడ నేర్చుకున్నవాళ్ళకు అది తలకెక్కదు. చిటికెన వేలి కొసంత ఉండే .22 బుల్లెట్, కోణం కుదిరితే, సుమారు రెండున్నర కిలోమీటర్లు పోగలదు. పెద్ద రైఫిల్ బుల్లెట్లు అంతకంటే చాలా దూరం పోతాయి. కాగితపు గురి బుల్లెట్‌ను ఆపదు. జంతువు శరీరం ఆపవచ్చు, ఆపకపోవచ్చు. నీటి మీద తక్కువ కోణంలో పడిన బుల్లెట్ చెరువులో విసిరిన పెంకులా ఎగిరిపోతుంది. చట్టబద్ధంగా వేట ఉన్న దేశాల్లో వేటగాళ్ళు కళ్ళు చెదిరే నారింజ రంగు వేసుకోవడం వెనక ఉన్నది ఇదే భయం: పొద కదిలింది, ఆకు చప్పుడైంది అని కాలిస్తే, అక్కడ ఉన్నది తోటి వేటగాడు కావచ్చు. ఎవరున్నారో చూడటానికి రైఫిల్ మీది టెలిస్కోప్‌ను వాడటం ఇంకా పెద్ద తప్పు; చూపుతోపాటు గొట్టం కూడా ఆ మనిషి వైపే తిరుగుతుంది. దానికి బైనాక్యులర్స్ ఉన్నాయి.

ఇప్పుడు అసలైన మిస్‌ఫైర్ దగ్గరికి. ట్రిగ్గర్ నొక్కారు, టక్‌మని మాత్రమే వినిపించింది. కొత్తవాళ్ళు చేసే మొదటి పని తుపాకీని తమవైపు తిప్పి చూడటం. అది చేయకూడని పని. తూటా అడుగున ఉండి లోపలి మందును రగిలించే ప్రైమర్ మెల్లగా అంటుకొని, కొన్ని క్షణాల తరువాత మందు పేలవచ్చు. మూతిని గురి వైపే ఉంచి, కదలకుండా కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాతే తూటా బయటికి తీయాలి. ఆ అర నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో నిలబడితేనే తెలుస్తుంది.

ఇంతకంటే ప్రమాదం, చప్పుడు మామూలుకన్నా పీలగా వచ్చినప్పుడు. మందు తక్కువై బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం పగులుతుంది. 1993 మార్చి 31న నటుడు బ్రాండన్ లీ చనిపోయింది ఇలా ఇరుక్కున్న బుల్లెట్ వల్లనే. దగ్గరి దృశ్యం కోసం నిజమైన తూటాల్లోంచి మందు తీసి డమ్మీలు తయారుచేశారు గాని, ప్రైమర్ అలాగే వదిలేశారు. ఆ ప్రైమర్ బలానికి ఒక బుల్లెట్ రివాల్వర్ గొట్టంలోకి జరిగి ఆగిపోయింది. గొట్టాన్ని ఎవరూ చూడలేదు. తరువాత మరో దృశ్యంలో, బుల్లెట్ లేకుండా మందు మాత్రమే ఉండే ఖాళీ తూటాను పేల్చినప్పుడు, దాని ఒత్తిడికి ఆ ఇరుక్కున్నది బయటికి వచ్చి ఆయనకు తగిలింది. చప్పుడు తేడాగా అనిపిస్తే ఆపి, ఖాళీ చేసి, గొట్టం గుండా వెలుతురు కనబడుతున్నదో లేదో చూడాలి.

తూటా సరైనదేనా అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. షాట్‌గన్ వాడేవాళ్ళు 12 గేజ్, 20 గేజ్ తూటాలను ఒకే జేబులో వేసుకోకూడదంటారు. గేజ్ గొట్టం లావుకు కొలత, అంకె పెరిగేకొద్దీ లావు తగ్గుతుంది కాబట్టి 20 గేజ్ కాస్త సన్నం. పొరపాటున 12 గేజ్ తుపాకీలో వేస్తే అది చాంబర్ దాటి గొట్టంలోకి జారి నిలుస్తుంది. పేలలేదేమిటని ఇంకో 12 గేజ్ తూటా వేసి నొక్కితే రెండూ కలిసి గొట్టాన్ని చీల్చేస్తాయి, అదీ ఎడమచెయ్యి ఉండే చోట. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేయడానికి కారణం ఇదే.

చెవులకు, కళ్ళకు రక్షణ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, కాని మానకూడదు. తుపాకీ చప్పుడు సాధారణంగా 140 డెసిబెల్స్ దాటుతుంది; చెవి లోపలి కణాలు ఒకసారి పోతే తిరిగి రావు. ప్రైమర్‌లోనూ బుల్లెట్‌లోనూ సీసం ఉంటుంది కాబట్టి రేంజ్‌లో ఏమీ తినకూడదు, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాగి గాని, మత్తెక్కించే మందులు వేసుకొని గాని తుపాకీ ముట్టుకోవడం గురించి చర్చే లేదు.

ఇంట్లో ఉంచుకోవడం మాత్రం ఇంత తేలిగ్గా వదిలే విషయం కాదు. ముందుగా అనుమతి, నిల్వ పద్ధతి ఆ దేశపు చట్టం చెప్పినట్టు ఉండాలి. ఆ తరువాత తుపాకీ ఖాళీగా, తాళంలో. తూటాలు వేరే చోట, వేరే తాళంలో. తాళంచెవులు ఇంటివాళ్ళందరికీ తెలిసిన మేకుకు కాకుండా. అల్మరా పై అరలో బట్టల కింద దాచాం, పిల్లలకు తెలియదు అన్న మాటను నేను నమ్మను. 2001లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలు 64 మందిని ఇద్దరిద్దరు ముగ్గురేసి చొప్పున 29 జట్లుగా ఒక గదిలో ఆడుకోనిచ్చారు. అక్కడ సొరుగులో పేలని విధంగా సిద్ధం చేసిన నిజమైన పిస్టల్ ఒకటి ఉంది. 21 జట్లకు అది దొరికింది. 16 జట్లు దాన్ని చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. దాన్ని ముట్టుకున్న పిల్లల్లో దాదాపు అందరూ తుపాకులతో జాగ్రత్త గురించి అంతకుముందు ఎప్పుడో ఒకప్పుడు విన్నవాళ్ళే. పిల్లలకు ముట్టుకోవద్దు, అక్కడినుంచి వెళ్ళిపోయి పెద్దవాళ్ళకు చెప్పు అని నేర్పాలి, తప్పదు. కాని తాళం చేయవలసిన పనిని ఆ పాఠం మీద మోపకూడదు.

మనం మాట్లాడటానికి ఇష్టపడనిది ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన నిరాశలో, దుఃఖంలో ఉన్నప్పుడు, అది యజమానే అయినా సరే, తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. చట్టం ఒప్పుకునే మరో చోట కొన్నాళ్ళు ఉంచడం మేలు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన చాలాసార్లు కొద్దిసేపు మాత్రమే ఉండి గడిచిపోతుంది. ఆ కొద్దిసేపట్లో తుపాకీ అందుబాటులో లేకపోవడం ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది. ఇలా అడిగి తీసుకువెళ్ళగల చనువు ఉన్న స్నేహితులు తుపాకీ ఉన్న ప్రతివాళ్ళకూ ఉండాలని నా కోరిక.

నిన్న కూడా రేంజ్‌కు వెళ్ళాను. కాల్చడం ముగిశాక మ్యాగజైన్ తీశాను, స్లైడ్ వెనక్కి లాగి నిలిపాను, చాంబర్ ఖాళీ అని చూపే రంగు ప్లాస్టిక్ జెండా అందులో పెట్టాను. పక్కనే నిలబడి ఇదంతా చూసిన కోచ్‌గారు చెయ్యి చాపారు. పిస్టల్ అందుకొని, జెండా తీసి, చాంబర్‌లోకి తొంగి చూసి, మళ్ళీ జెండా పెట్టి నాకు తిరిగి ఇచ్చారు. పెట్టెలో పెట్టేముందు ఆ జెండాను నేను ఇంకోసారి తీసి చూశాను. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.